మిక్సీ వర్క్ చేస్తుంది... మరి మనం?

పెళ్ళిలోనో పేరంటంలోనో పక్కన కొత్తావిడ కూర్చుంటే, పేరూ ఊరూ అయ్యాక, పిల్లలెందరో అయ్యాక, తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "మీరు వర్క్ చేస్తున్నారా?" దానికి మనలో చాలామంది దగ్గర ఉండే జవాబూ ఒకటే. "లేదండీ, ఇంట్లోనే ఉంటాను." మీరు గమనించారో లేదో గానీ, ఆ 'ఇంట్లోనే' అన్న దగ్గర గొంతు కాస్త దిగుతుంది. పొద్దున్న అయిదింటికి లేచి, పాలు కాచి, క్యారియర్లు కట్టి, మామగారికి మందులిచ్చి, బట్టలు ఆరేసి, అప్పుడు పట్టుచీర చుట్టుకుని పరుగున వచ్చిన మనిషి చెబుతున్న మాట అది. 'వర్క్ చెయ్యడం లేదు'ట!

ఆవిడ అబద్ధం చెబుతోందా అంటే, కాదు. ఆ ఇంగ్లీషు మాటకి మనమంతా కలిసి ఖాయం చేసుకున్న అర్థం అలా ఉంది. నేను ఇంటి దగ్గర పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతాను. రోజూ సాయంత్రం మూడు గంటలు గొంతు పోయేలా అరిచినా, మా ఇరుగుపొరుగు లెక్కలో నేనూ 'వర్క్ చెయ్యని' మనిషినే. అందుకే ఈ మాట మీద నాకు ఎప్పుడూ ఓ కన్ను ఉంటుంది. నిఘంటువు తీసి దాని అర్థాలు చదువుతూ పోతే, మన వంటింటికి తప్ప లోకంలో అన్నిటికీ ఇందులో చోటుంది కదా అనిపిస్తుంది. నిజానికి చోటు లేక కాదు. ఒకప్పుడు మనం ఆ మాటలో ఉన్నవాళ్ళమే. మధ్యలో బయటికి నెట్టారు. ఎలా నెట్టారో, మళ్ళీ లోపలికి ఎలా రావాలో ఆలోచిద్దామనే ఈ నాలుగు మాటలూ.

నాలుగక్షరాల మాట, నలభై వేషాలు

ఇంగ్లీషులో రాస్తే నాలుగే అక్షరాలు. కానీ మన ఇంట్లోనే ఒక్క రోజులో దాన్ని ఎన్ని రకాలుగా వాడతామో చూడండి. "ఫ్యాన్ వర్క్ చెయ్యడం లేదు", "ఆ మాత్ర బాగా వర్క్ చేసిందండీ", "ఆ సంబంధం వర్కవుట్ కాలేదు", "జాకెట్టుకి వర్క్ చేయించాను", "బాబుకి హోమ్‌వర్క్ బోలెడుంది", "మావారికి ఆఫీసులో వర్క్ ఎక్కువ", "మా తమ్ముడు జిమ్‌లో వర్కవుట్లు చేస్తున్నాడు", "మా వీధిలో డ్రైనేజీ వర్క్స్ నడుస్తున్నాయి"... ఇంకా చెప్పమంటారా?

ఇంగ్లీషు వాళ్ళ దగ్గరికి వెళితే ఇంకా విచిత్రాలు. వాళ్ళకి రచయిత పుస్తకాలన్నీ కలిపి 'వర్క్స్'. ఇనుము కరిగించే ఫ్యాక్టరీ కూడా 'వర్క్స్'. గడియారం లోపలి చక్రాలూ 'వర్క్సే'. ఎవరినైనా మెత్తగా మాట్లాడి దారికి తెస్తే 'వర్క్ ఆన్' చెయ్యడం. తిన్నది అరిగేలా నడిస్తే 'వర్క్ ఆఫ్' చెయ్యడం. చిటికెలో ముగిస్తే 'షార్ట్ వర్క్'. అద్భుతం చేస్తే 'వర్క్ వండర్స్'. పరమ దుర్మార్గుడు కనిపిస్తే 'నాస్టీ పీస్ ఆఫ్ వర్క్'. రోజూ ఉండే తలనొప్పే కదా అని సరిపెట్టుకోవాలంటే 'ఆల్ ఇన్ ఎ డేస్ వర్క్'. నడివయసు నటి ముఖం ఉన్నట్టుండి నున్నగా మెరుస్తుంటే 'ఆమె వర్క్ చేయించుకుంది' అని చెవులు కొరుక్కుంటారు. అంటే ముఖానికి కత్తి తగిలిందని. మన 'సర్జరీ' అన్న మాట కూడా 'వర్క్'కి దూరపు చుట్టమే. గ్రీకు భాషలో చేతి పని అన్న మాటలోంచి వచ్చింది. 'ఎనర్జీ' కూడా ఆ వంశమే.

ఇంత పెద్ద సంసారంలో నాకు బాగా నచ్చిన పాత సామెత ఒకటుంది. 'ఎ ఉమన్స్ వర్క్ ఈజ్ నెవర్ డన్'. ఆడదాని పనికి తెమలడమంటూ లేదు అని. పొద్దు పొడిచిన దగ్గర్నించి పొద్దు గుంకేదాకా మగవాడు చేసే పనికి ఒక హద్దుంది, ఆవిడ పనికి లేదు అని ఆ సామెత భావం. చూశారా? ఆ సామెత పుట్టిన రోజుల్లో ఇంగ్లీషు వాళ్ళకి ఇంటిపని 'వర్క్' అవునా కాదా అన్న అనుమానమే లేదు. అవునో కాదో అని కాదు, అదెందుకు తెమలదా అనే వాళ్ళ బాధ!

సూదీ దారం కాలం

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. రెండు వందల ఏళ్ళ క్రితం ఇంగ్లండులో ఒక స్త్రీ గురించి చెబుతూ 'తన వర్క్ చేతిలోకి తీసుకుంది' అంటే, కుట్టుపని తీసుకుందని అర్థం. 1810ల్లో అచ్చయిన జేన్ ఆస్టిన్ నవలలు చదివినవారికి ఇది తెలిసే ఉంటుంది. ఆ ఆడవాళ్ళు ముందుగదిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ 'వర్క్' చేస్తూ ఉంటారు. చొక్కాలూ దుప్పట్లూ కుట్టడం 'ప్లెయిన్ వర్క్'. పువ్వులూ లతలూ కుట్టడం 'ఫ్యాన్సీ వర్క్'. సూదులూ దారాలూ పెట్టుకునే పెట్టె 'వర్క్ బాక్స్'. ఏ విశేషణమూ తగిలించకుండా ఉత్త 'వర్క్' అంటే చాలు, ఆడవాళ్ళ విషయంలో అది సూదిపనే.

ఈ అర్థం ఇంగ్లండులో మరుగున పడినా, మన దగ్గర మాత్రం బతికే ఉంది. "ఈ చీర మీద వర్క్ ఎంత బాగుందో!" అంటాం కదూ? మగ్గం వర్క్, మిషన్ వర్క్, జరీ వర్క్... పెళ్ళిళ్ళ సీజన్‌లో జాకెట్టు మీద వర్క్‌కి వేలల్లో బిల్లు కడతాం. ఆ వర్క్ కుట్టిన చేతులెవరివో మాత్రం అడగం.

ఇక్కడే మన నరసాపురం గుర్తొస్తుంది నాకు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆడవాళ్ళు క్రోషా సూదితో లేసులు అల్లుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య అది. టేబుల్ గుడ్డలుగా, దిండు గలీబులుగా విదేశాలకి వెళుతుంది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడికి వచ్చి, ఆ ఆడవాళ్ళతో మాట్లాడి, 1982లో వాళ్ళ మీద ఒక పుస్తకమే అచ్చు వేయించింది. ఆమె చూసిందేమిటంటే, ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకి ఆరేడు గంటలు ఆ స్త్రీలు లేసు అల్లేవారు. కానీ ఊరి దృష్టిలో వాళ్ళు పనివాళ్ళు కారు. గడప దాటని గృహిణులు! తీరిక వేళ ఏదో పొద్దుపోక అల్లుకుంటున్నారు, అంతే. అల్లే చెయ్యి 'ఖాళీగా' ఉన్న చెయ్యి. ఆ లేసు కొని ఎగుమతి చేసే వ్యాపారి మాత్రం వర్క్ చేస్తున్న మనిషి. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. సంతోషమే. లేసుకి గుర్తింపు వచ్చింది కదా, 'ఖాళీ' అన్న మాట ఆ చేతులకి ఇక చెల్లదని కూడా అనుకోవద్దూ?

సరే, సూదీ దారం సంగతి అలా ఉంచితే, అంత విశాలమైన మాట ఎలా ఇరుకైంది? ఫ్యాక్టరీలు వచ్చాక పని ఇల్లు దాటి వెళ్ళింది. గంటకింత అని కూలి, నెలకింత అని జీతం వచ్చాయి. 'గోయింగ్ టు వర్క్' అన్నారు. వర్క్ అంటే చేసేదల్లా, వెళ్ళే చోటయింది. ఎక్కడికీ వెళ్ళని మనిషి, జీతం రాని మనిషి, ఆ మాట గడప బయట నిలబడిపోయింది.

పని అనే మన మాట

మన తెలుగు మాట 'పని' సంగతేమిటో కాస్త చూద్దాం. అది చాలా మర్యాద తెలిసిన మాటండీ! వంటపని, ఇంటిపని, పొలం పని, ఆఫీసు పని, గుడి పని... అందరినీ ఒకే చాప మీద కూర్చోబెడుతుంది. జీతం వస్తుందా రాదా అని అడగదు. పనికొచ్చేది, పనికిరానిది అని రెండే తేడాలు దానికి. కోపం వస్తే 'నీ పని పడతా' అంటాం, ఓపిక అయిపోతే 'నా పని అయిపోయింది' అంటాం, కావాలని చేస్తే 'పనిగట్టుకుని' అంటాం. ఎక్కడా డబ్బు ప్రసక్తి లేదు. మా అమ్మమ్మని ఎవరైనా "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగితే "పనిలో ఉన్నా" అనేది. ఆవిడ నోటి నుంచి "నేనేం పని చెయ్యడం లేదు" అన్న మాట ఒక్కనాడూ వినలేదు నేను. అనడానికి ఆవిడకి కారణమూ లేదు.

'ఉద్యోగం' మాట ఇంకా తమాషా. దానికి అసలు అర్థం ప్రయత్నం, పూనిక. భారతంలో ఉద్యోగ పర్వం ఉంది కదా, అందులో ఎవరైనా అప్లికేషన్ పెట్టారా, జీతం తీసుకున్నారా? యుద్ధానికి సన్నాహం అది. 'ఉద్యోగం పురుష లక్షణం' అన్నవాళ్ళూ ప్రయత్నం చెయ్యడం మనిషి లక్షణం అన్న భావంతోనే అన్నారు. తర్వాత్తర్వాత ఉద్యోగమంటే కుర్చీ, జీతం అయ్యాయి. ఆ సామెతని మగవాళ్ళు తమ కుర్చీకి దిండుగా వేసుకున్నారు.

ఆ మీదట ఇంగ్లీషు వర్క్ వచ్చింది. 'వర్కింగ్ ఉమన్' అన్నాం. అంటే తక్కినవాళ్ళు 'వర్క్ చెయ్యని ఉమన్' అన్నమాటేగా? 'వర్కింగ్ మదర్' అని రోజూ వింటాం. 'వర్కింగ్ ఫాదర్' అని ఎవరైనా అనగా విన్నారా? తండ్రికి ఆ విశేషణం అక్కర్లేదు. ఆయన వర్క్ చేస్తాడని అందరికీ ముందే తెలుసు. మనకి మాత్రం మెడలో బోర్డు తగిలిస్తే గానీ నమ్మరు.

అన్నిటికంటే నాకు మింగుడు పడనిది ఇది. మన ఇంట్లో మిక్సీ వర్క్ చేస్తుంది. గ్రైండరు వర్క్ చేస్తుంది. వాషింగ్ మెషీన్ వర్క్ చేస్తుంది. అవి వర్క్ చెయ్యకపోతే మెకానిక్ వచ్చి వర్క్ చేస్తాడు. పనమ్మాయి వచ్చి అంట్లు తోమితే అది వర్క్, నెల తిరిగేసరికి జీతం. ఆమె నాలుగు రోజులు రాకపోతే అవే అంట్లు, అదే సింకు, అదే పీచూ సబ్బూ. తోమేది మాత్రం మనం. అప్పుడది 'ఇల్లు చూసుకోవడం'! చెయ్యి మారితే చాలు, పని మాయమైపోతుందన్నమాట.

పోనీ సైన్సయినా మన పక్షాన ఉందా అంటే అదీ లేదు. 1829లో కొరియోలిస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఖాయం చేసిన లెక్క పిల్లల పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. పని ఈజ్ ఈక్వల్టు బలం ఇంటూ స్థానభ్రంశం. దాని ప్రకారం చంటిబిడ్డని చంకనెత్తుకుని గంటసేపు పొయ్యి దగ్గర కదలకుండా నిలబడితే, ఆ బిడ్డని మోసినందుకు జరిగిన పని సున్నా! భౌతికశాస్త్రాన్ని తప్పు పట్టడం లేదు నేను. దాని లెక్క దాని అవసరానికి పెట్టుకుంది. ప్రశ్నాపత్రంలో ఆ సున్నా కరెక్టే. మన ఇళ్ళల్లోనూ అదే సున్నా వేస్తుంటేనే బాధ.

మాటే కదా అనుకుంటే...

"మాటల్లో ఏముందమ్మా, ఏదో ఒకటి అనుకుంటే పోలా?" అంటారేమో. పోదండీ. ఈ మాట వెనక డబ్బుంది, చట్టముంది, ప్రభుత్వపు లెక్కలున్నాయి.

జనాభా లెక్కల్లో మనుషుల్ని 'వర్కర్లు', 'నాన్ వర్కర్లు' అని విడదీస్తారు. ఇంటిపని మాత్రమే చేసే స్త్రీ రెండో గుంపులోకి వెళుతుంది. 2010లో ఒక ప్రమాద పరిహారం కేసు తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే ప్రశ్నించింది. 2001 జనాభా లెక్కలు గృహిణుల్ని బిచ్చగాళ్ళతోనూ ఖైదీలతోనూ కలిపి పనిలేని వాళ్ళ జాబితాలో వెయ్యడం ఏమిటని మందలించింది. పొలంలో కలుపు తీసే భార్య, కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే కోడలు కూడా చాలాసార్లు ఆ గుంపులోనే కలిసిపోయేవారు. అందుకే 1991 జనాభా లెక్కల్లో, సొంత పొలంలోనో కుటుంబ వ్యాపారంలోనో జీతం లేకుండా చేసే పని కూడా పనేనని ప్రశ్నలోనే కలిపి రాశారు. ఒక్క ముక్క చేర్చితేనే గానీ వాళ్ళు కళ్ళబడలేదు. మాటకి అంత బలం ఉందన్నమాట.

ఇక పరిహారం సంగతి. ఉద్యోగం చేసే మనిషి రోడ్డు ప్రమాదంలో పోతే జీతాన్ని బట్టి లెక్క కడతారు. గృహిణి పోతే? 1994లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన పట్టిక ప్రకారం, సంపాదన లేని భార్య ఆదాయాన్ని సంపాదించే భర్త ఆదాయంలో మూడో వంతుగా అనుకోవాల్సి ఉండేది. ఎంత చిత్రమో చూడండి. గుమాస్తా భార్య పెట్టిన సాంబారుకి గుమాస్తా జీతంలో మూడో వంతు. ఆఫీసరు భార్య పెట్టిన సాంబారుకి ఆఫీసరు జీతంలో మూడో వంతు. పప్పూ అదే, చింతపండూ అదే! జంషెడ్‌పూర్‌లో 1989లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో, 2001లో సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువ నెలకి 3,000 రూపాయలని అంచనా కట్టింది. 2021 జనవరిలో మరో ప్రమాదం కేసులో, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో, గృహిణి పని చెయ్యదు, ఇంటికి ఆర్థికంగా ఏమీ చేర్చదు అనుకోవడం తప్పుడు ఆలోచన అని స్పష్టంగా చెప్పారు. ఆ పనికి విలువ కట్టడం దాన్ని గుర్తించడమేనన్నారు.

ఆయన ఆధారంగా చూపిన అంకెలు 2019లో ప్రభుత్వమే చేసిన సర్వేలోవి. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారని తేలింది. అంటే మనది అయిదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. అది కూడా వంటా, శుభ్రం చెయ్యడంలాంటి పనులే. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ చూసుకోవడం వేరే లెక్క. 2024లో మళ్ళీ సర్వే చేస్తే ఆ అంకెలు 289, 88 అయ్యాయి. మనకి పది నిమిషాలు తగ్గాయని సంతోషించబోతే, వారికీ తొమ్మిది తగ్గాయి!

నా బాధంతా ఒక్కటే. కోర్టులు మంచి మాటలే చెప్పాయి. కానీ ఆ కేసులన్నీ దేని గురించి? ఆ ఇల్లాలు పోయాక, ఆమె లేని లోటుకి ఎంత ఇవ్వాలా అని. అంటే మనం చేసింది వర్కేనని కాగితం మీద పడాలంటే, ముందు మనం ఫొటోకెక్కి దండ వేయించుకోవాలా? బతికుండగా ఆ మాట వినకూడదా?

ప్రేమకి రేటు కడతామా?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. ఆడవాళ్ళే అంటారు. "నా పిల్లలకి అన్నం పెట్టడం వర్క్ ఏమిటండీ? ప్రేమతో చేస్తాను. దానికి రేటు కడితే నేను హోటల్ దాన్ని అయిపోనూ?" అని. మాట న్యాయంగానే ఉంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. డాక్టరుగారు రోగిని ప్రేమగా చూస్తే అది వర్క్ కాకుండా పోతుందా? మాస్టారు పిల్లల మీద ప్రాణం పెట్టి చదువు చెబితే జీతం ఆపేస్తారా? ప్రేమ వేరు, పని వేరు. ఒకే చేతిలో రెండూ ఉండవచ్చు. బిడ్డ ఆకలి చూసి కరగడం ప్రేమ. రాత్రి పదకొండింటికి ఇడ్లీ పిండి రుబ్బి, మూకుళ్ళు కడిగి, నడుం పట్టేసి పడుకోవడం పని. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కనపడకుండా చెయ్యడమే అన్యాయం. నేను శ్రీవారి దగ్గర నెలాఖరుకి బిల్లు వెయ్యమనడం లేదు. దాన్ని దాని పేరుతో పిలవమంటున్నాను.

పేరు పెట్టాక ఏమొస్తుంది అంటే, చాలానే వస్తుంది. వర్క్ అన్నదానికి వేళలుంటాయి, సెలవుంటుంది, వంతులుంటాయి, ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు చెయ్యాలన్న నియమముంటుంది. 'ఇంట్లోనే ఉంటుంది' అన్నదానికి ఇవేవీ ఉండవు. జ్వరం వచ్చినా 'ఇంట్లోనేగా ఉన్నావు' అంటారు.

ఈమధ్య అందరి నోటా వినిపించే 'వర్క్ లైఫ్ బ్యాలెన్స్' అన్న మాటనే చూడండి. ఒక పళ్ళెంలో వర్క్, ఇంకో పళ్ళెంలో లైఫ్. ఆఫీసు వర్క్, ఇల్లు లైఫ్. మగవాడికి నిజమే, ఇల్లు చేరితే కాళ్ళు చాపుకుని కాఫీ తాగవచ్చు. ఉద్యోగం చేసే మన చెల్లెళ్ళకి? ఆఫీసు వర్క్ అయ్యాక ఇంటికొస్తే ఇంకో వర్క్. అమెరికాలో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే ఆవిడ 1989లో దీని మీదే పుస్తకం రాసి 'సెకండ్ షిఫ్ట్' అని పేరు పెట్టింది. తక్కెడలో రెండు పళ్ళేల్లోనూ వర్కే వేసి, లైఫ్ ఎక్కడుందమ్మా అంటే ఏం చూపిస్తాం? 2020లో కరోనా వచ్చి 'వర్క్ ఫ్రమ్ హోమ్' అన్నప్పుడు మగవాళ్ళు కొందరు, ఇంట్లో ఉంటే వర్క్ ఎంత కష్టమో అని వాపోయారు. ఆ ఇంట్లో వర్క్ అంతకు ముందు నుంచీ ఉంది మహాశయా!

మనమేం చెయ్యగలం?

ఐస్‌లాండ్ అని చిన్న దేశం. 1975 అక్టోబరు 24న అక్కడి ఆడవాళ్ళలో నూటికి తొంభైమంది ఆఫీసు పనీ ఇంటిపనీ రెండూ మానేశారు. దానికి వాళ్ళు 'సమ్మె' అని పేరు పెట్టలేదు. ఆ మాటంటే బెదిరేవాళ్ళుంటారని 'ఆడవాళ్ళ సెలవు రోజు' అన్నారు. మాట మారేసరికి అందరూ కదిలి వచ్చారు. పిల్లల బళ్ళు మూతపడ్డాయి, తండ్రులు పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసులకి వెళ్ళారు. మరుసటి ఏడాది ఆ దేశంలో స్త్రీపురుష సమానత్వ చట్టం వచ్చింది. సెలవు పెట్టాకే తెలిసింది, అప్పటిదాకా జరిగింది వర్క్ అని.

మనం అంత చెయ్యలేకపోయినా, నోరు మన చేతిలోనే ఉంది కదా. ముందు "మీరు వర్క్ చేస్తున్నారా?" అన్న ప్రశ్ననే మారుద్దాం. "ఉద్యోగం చేస్తున్నారా?" అని అడుగుదాం. దానికి అవును, కాదు అని తల దించుకోకుండా చెప్పవచ్చు. ఇది నా సొంత కవిత్వమేమీ కాదు. 2013లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సదస్సే తేల్చింది. జీతం కోసం చేసేది ఉద్యోగం. ఇంటివాళ్ళ కోసం జీతం లేకుండా చేసేది కూడా వర్కేనని నిర్వచనంలో రాసుకుంది. లెక్కల పండితులే ఒప్పుకున్నాక మనకెందుకు మొహమాటం?

పిల్లల స్కూలు ఫారంలో తల్లి వృత్తి అన్న గడిలో గీత గీసి వదిలెయ్యకండి. 'గృహ నిర్వహణ' అని రాయండి. మిషన్ కుడుతుంటే, పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంటే, బీడీలు చుడుతుంటే, ట్యూషన్లు చెబుతుంటే ఆ సంగతీ రాయండి. 2027 జనాభా లెక్కలకి 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఎన్యూమరేటరు గడపలోకి వచ్చి ఇంట్లో ఎవరెవరు పని చేస్తారని అడిగితే, జవాబు మగవాళ్ళకి వదిలేసి లోపలికి వెళ్ళిపోకండి. పొలానికి వెళతానని, గేదెల్ని చూస్తానని, కొట్లో కూర్చుంటానని, లేసు అల్లుతానని మీ నోటితో మీరు చెప్పండి. "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ" అన్న ఒక్క మాటతో మీ ఏడాది కష్టం ఆ కాగితం మీద సున్నా అయిపోకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, మన పిల్లల ముందు ఆ మాట అనకండి. "మమ్మీ ఏం చేస్తుంది?" అని బడిలో అడిగితే "నథింగ్" అని చెప్పే పిల్లల్ని నా ట్యూషన్లోనే చూస్తున్నాను. ఆ పిల్లల తప్పు లేదు. ఇంట్లో విన్నదే చెబుతారు. కొడుకు చేత కంచం తీయించి, కడిగించి, "ఇదీ హోమ్‌వర్కేరా నాన్నా" అని చెప్పి చూడండి. ఆ మాటకి అంతకంటే సరైన అర్థం ఏ నిఘంటువులో ఉంటుంది చెప్పండి?